డయల్ మీద పేరు లేని చోట్లు

పాత షార్ట్‌వేవ్ రేడియోల డయల్ మీద 49, 41, 31, 25 అంటూ మీటరు బ్యాండ్ల అంకెలు వేసి, ఒక్కొక్క అంకె కింద ఒక లావుపాటి గీత గీసి ఉండేది. ఆ గీతలున్న చోటే ప్రపంచంలోని ప్రసార సంస్థలన్నీ కిక్కిరిసి ఉండేవి కాబట్టి వినేవాళ్లలో ఎక్కువమంది ముల్లును ఒక గీత మీది నుంచి ఇంకో గీత మీదికి గబగబా జరిపేసేవారు. 1980ల మధ్యలో రేడియో చేతికి వచ్చిన కొత్తలోనే నాకు గీతలు లేని చోట్ల మీద మోజు పుట్టింది. 6200 కిలోహెర్ట్జ్ దగ్గర 49 మీటర్ల బ్యాండు ముగిసి, 41 మీటర్ల బ్యాండు మొదలయ్యేలోగా డయల్ మీద కొంత ఖాళీ ఉండేది. చూడటానికి ఖాళీయే గాని, అందులో విమానాలు, ఓడలు, సైన్యాలు, హ్యామ్‌లు అని పిలిచే, లైసెన్సు పొందిన ఔత్సాహిక రేడియోవాళ్లు, ఈ నాలుగు తరగతుల్లోనూ చేరని మనుషులు రాత్రంతా మాట్లాడుతూనే ఉండేవారు. ఈ చివరివాళ్లను వెతుక్కుంటూ గడిపిన కాలం గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను.

మొదట్లో ఆ మాటలు వినిపించేవే గాని అర్థమయ్యే రూపంలో ఉండేవి కావు. అక్కడి సంభాషణలు చాలావరకు సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో సాగేవి. మామూలు ప్రసారంలో మాటతో పాటు దాన్ని మోసుకొచ్చే వాహక తరంగం కూడా మనదాకా వస్తుంది. సైడ్‌బ్యాండ్‌లో శక్తిని, చోటును పొదుపు చేయడం కోసం ఆ వాహక తరంగాన్నీ, దానికి రెండు పక్కలా ఉండే భాగాల్లో ఒకదాన్నీ తీసేసి, మిగిలిన ఒక్క పక్కనే పంపుతారు. తీసేసిన తరంగాన్ని వినే రేడియోలోనే మళ్లీ పుట్టించి కలపకపోతే మనిషి మాట బాతు అరుపులా వినిపిస్తుంది. అలా కలిపే బీఎఫ్‌ఓ అనే ఏర్పాటు నా రేడియోలో లేదు.

దానికి ఒక చిట్కా ఉందని ఎవరో చెప్పగా ఇంట్లో ఉన్న రెండో రేడియోను కూడా బల్ల మీదికి చేర్చాను. మా ఇళ్లలో ఉండే సూపర్‌హెట్ రకం రేడియో ప్రతిదానిలోనూ సొంతంగా తరంగాన్ని పుట్టించే ఆసిలేటరు ఒకటి ఉంటుంది. అది సాధారణంగా మనం ట్యూన్ చేసిన చోటుకు 455 కిలోహెర్ట్జ్ పైన కంపిస్తూ, తన తరంగాన్ని కొద్దిగా బయటికి కూడా వదులుతూ ఉంటుంది. 7060 కిలోహెర్ట్జ్ మీద బాతు అరుస్తున్నప్పుడు రెండో రేడియోను 6605 దగ్గర పెట్టి మొదటిదాని పక్కకు జరిపితే, దాని ఆసిలేటరు సరిగ్గా 7060 మీద పడి, లేని వాహక తరంగానికి బదులుగా పనిచేస్తుంది. రెండో రేడియో మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఆ అరుపు మొదట సన్నటి కీచుగొంతయ్యేది, తరవాత బొంగురుపోయేది, ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి ఒక మనిషి గొంతుగా నిలిచేది. బల్ల కదిలినా, చెయ్యి దగ్గరికి వెళ్లినా ఆ గొంతు జారిపోయేది. కొంతకాలానికి బీఎఫ్‌ఓ ఉన్న సోనీ ఐసీఎఫ్-7600డీ దొరికి ఈ అవస్థ తీరింది. అయినా ఆ రెండు రేడియోల కాలంలో విన్న గొంతులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. బహుశా వాటి కోసం పడ్డ శ్రమే కారణం కావచ్చు.

ఈ విద్యలో నాకు అక్షరాభ్యాసం చేయించినవారు ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన. మా పరిచయమంతా ఉత్తరాల మీదే నడిచింది. "ముందు గడియారం చూసి టైము రాసుకో నాయనా, ఆ తరవాతే చెవి పెట్టు" అని ఆయన మొదటి ఉత్తరంలోనే రాశారు. అప్పట్లో అది చాదస్తం అనిపించింది గాని, పేరు చెప్పని స్టేషన్‌ను పట్టుకోవడానికి కాలానికి మించిన ఆధారం లేదని కొద్దికాలానికే తెలిసింది. లాగ్‌బుక్కులో టైము ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలో ఉండాలి. దాని పక్కన ఫ్రీక్వెన్సీ, ఏ సైడ్‌బ్యాండ్, ఆడగొంతా మగగొంతా, ఏ భాష అనిపించింది, వెనక ఏమైనా చప్పుళ్లున్నాయా అన్నవి రాసుకోవాలి. ఏం మాట్లాడారు అన్న గడి మాత్రం ఆయన పుస్తకంలో లేదు. డయల్ మీద ముల్లు ఎక్కడుందో కచ్చితంగా తెలియని మా రేడియోలకు 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద సెకన్లు లెక్కపెట్టే కాలసంకేత స్టేషన్లే మైలురాళ్లు. వాటి నుంచి కొలుచుకుంటూ వెళ్లి ఫ్రీక్వెన్సీ అంచనా వేసుకునేవాళ్లం.

సైడ్‌బ్యాండ్ రాసుకోమనడంలో ఒక కిటుకు ఉంది. 10 మెగాహెర్ట్జ్ కంటే దిగువన హ్యామ్‌లు ఆనవాయితీగా కింది సైడ్‌బ్యాండ్ వాడతారు. విమానాలు, ఓడలు, సైన్యాలు దిగువనైనా ఎగువనైనా పై సైడ్‌బ్యాండే వాడతాయి. అందువల్ల హ్యామ్‌లకు కేటాయించని 6600 ప్రాంతంలో కింది సైడ్‌బ్యాండ్‌లో గొంతు వినిపించిందంటే, హ్యామ్‌ల కోసం తయారైన పరికరం ఇంకెవరి చేతిలోనో ఉందని దాదాపుగా అనుకోవచ్చు. మాట అర్థం కాకముందే మనిషి ఎలాంటివాడో కొంత తెలిసిపోతుంది. ఈ రకమైన ఊహల్లోనే నాకు ఈ అభిరుచి రుచి తగిలింది.

బయటివాళ్లకు ఈ అభిరుచి గురించి చెబితే వెంటనే అడిగేది అంకెల స్టేషన్ల గురించే, అంటే గూఢచారులకు రహస్య సందేశాలను అంకెల రూపంలో చదివి వినిపించే స్టేషన్ల గురించే. వాటిలో అందరికంటే పేరుమోసినది లింకన్‌షైర్ పోచర్ అన్న ఇంగ్లండు జానపద గీతం బాణీతో మొదలయ్యే స్టేషన్. గంట కొట్టగానే ఆ బాణీలో రెండు ముక్కలు మళ్లీ మళ్లీ మోగేవి. ఆ తరవాత ఇంగ్లిషు యాసలో ఒక స్త్రీ గొంతు ఐదంకెల పిలుపును పదిసార్లు చదివేది. గంటలు మోగేవి. ఆపైన ఐదేసి అంకెల గుంపులు 200, ఒక్కొక్క గుంపు రెండుసార్లు చొప్పున సాగేవి. గుంపులోని చివరి అంకె దగ్గర గొంతు కొద్దిగా పైకి లేచేది. ఆ లేవడం ప్రతిసారీ అచ్చంగా ఒకేలా ఉండటం వల్ల అది ముందే నమోదు చేసిన అంకెలను యంత్రం కూర్చి వినిపిస్తున్న గొంతని తేలిగ్గానే తెలిసేది. ఔత్సాహికులు దిక్కులు కొలిచి, అది సైప్రస్‌లోని బ్రిటిష్ వైమానిక స్థావరం నుంచి వస్తున్నదని తేల్చారు. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం దాన్ని తనదిగా ఒప్పుకోలేదు. 2008లో అది ఆగిపోయింది. అదే పద్ధతిలో ఇంకో పాట బాణీతో ఆసియా వైపు వినిపించిన చెర్రీ రైప్ మరుసటి ఏడాది ఆగిపోయింది.

ఆ అంకెలను విప్పడానికి నేనెప్పుడూ ప్రయత్నించలేదు. విప్పడం సాధ్యం కాదన్నది తెలిసిన సంగతే. సందేశాన్ని మరుగుపరిచే తాళపు అంకెలు నిజంగా యాదృచ్ఛికమైనవై, వాటిని ఒక్కసారే వాడి నాశనం చేస్తే ఆ సంకేతాన్ని ఎవరూ ఛేదించలేరని గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో గణితపరంగా నిరూపించాడు. తప్పు జరిగేదల్లా మనుషుల దగ్గరే. సోవియట్‌లు 1940లలో అదే తాళపు పుటలను రెండోసారి వాడినందువల్ల వాళ్ల సందేశాల్లో కొన్నింటిని అమెరికన్లు చదవగలిగారు. 1998లో అమెరికాలో పట్టుబడిన క్యూబా గూఢచారుల కేసులో, షార్ట్‌వేవ్ మీద స్పానిష్‌లో "అతెన్సియోన్" అంటూ మొదలయ్యే అంకెల ప్రసారాలు న్యాయస్థానంలో సాక్ష్యంగా వచ్చాయి. అంతవరకు మేం ఊహిస్తూ వచ్చినదానికి అది మొదటిసారి దొరికిన గట్టి ఆధారం. అదే క్యూబా అంకెల మధ్యలో అప్పుడప్పుడు రేడియో హవానా కార్యక్రమం కలిసిపోయి వినిపించేది. రహస్యానికి ఎన్ని కాపలాలున్నా, స్టూడియోలో ఎవరో ఒక తీగను తప్పుగా గుచ్చితే ఇంటిగుట్టు గాలిలో తేలిపోతుంది.

ఇంగ్లండులో 1993లో ఏర్పడిన ఎనిగ్మా అనే ఔత్సాహికుల బృందం ఈ స్టేషన్లకు పేర్లు పెట్టే పద్ధతి ఒకటి తెచ్చింది. ఇంగ్లిషు స్టేషన్లకు 'ఈ', జర్మన్‌కు 'జీ', స్లావిక్ భాషలకు 'ఎస్', ఇతర భాషలకు 'వీ', మోర్స్‌కు 'ఎమ్' అనే అక్షరం, దాని పక్కన ఒక అంకె. పోచర్ ఈ03 అయింది, తైవాన్ నుంచి వేణువు సంగీతంతో మొదలయ్యే స్టేషన్ వీ13 అయింది. పేరు లేనివాటికి పేరు దొరికాక ఎక్కడెక్కడి శ్రోతల లాగ్‌బుక్కులనూ పోల్చుకోవడం వీలైంది. సంగీతపు పెట్టె బాణీ తరవాత చిన్నపిల్ల గొంతుతో జర్మన్ అంకెలు చదివిన ఒక స్టేషన్ గురించి ఆ రోజుల్లో ఎన్ని కథలల్లారో చెప్పలేను. పిల్లను ఎక్కడో బంధించి చదివిస్తున్నారని కూడా రాశారు. అది తూర్పు జర్మనీలో తయారైన, అంకెలు పలికే యంత్రం గొంతని ఆ తరవాత తేలింది. అయినా ఆ కథలు ఇప్పటికీ చలామణిలోనే ఉన్నాయి. ఈ స్టేషన్ల చుట్టూ పేరుకుపోయిన భయానక వర్ణనలు నాకు ఎప్పుడూ నచ్చలేదు. విన్నవాళ్లకు తెలుసు, అవి నిద్రపుచ్చేంత విసుగైనవి.

రష్యా నుంచి 4625 కిలోహెర్ట్జ్ మీద వచ్చే బజర్ కూడా అలాంటిదే. నిమిషానికి పాతిక సార్ల వంతున ఒక మోటు మోత రాత్రింబవళ్లు సాగుతుంది. ఎప్పుడో ఒకసారి మోత ఆగి, ఒక రష్యన్ గొంతు పిలుపు సంకేతం, కొన్ని అంకెలు, కొన్ని పేర్లు చదివి మాయమవుతుంది. 1997 డిసెంబరులో ఒకరు విని రికార్డు చేసిన సందేశం వల్ల దీనికి యూవీబీ-76 అనే పేరు స్థిరపడింది. 2010లో పిలుపు మారిన తరవాత కూడా జనం పాత పేరే వాడుతున్నారు. నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించినది 2001 నవంబరు నాటి సంగతి. మోత వెనక ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్న చప్పుడు, "నేను 143ను, జనరేటరు అందడం లేదు" అన్న అర్థం వచ్చే మాట వినిపించాయి. జనరేటరంటే ఇక్కడ సంకేతాన్ని పుట్టించే పరికరం. అంటే ఆ మోత నేరుగా తీగ గుండా ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లడం లేదు, గదిలో మోగుతున్న పరికరం ముందు ఒక మైకు తెరిచి ఉంది. ఏళ్ల తరబడి ప్రపంచం చెవులు రిక్కించి విన్న నిగూఢ సంకేతం వెనక ఉన్నది, డ్యూటీలో ఉండి సాటి ఉద్యోగితో పని మాట్లాడుకునే ఒక మామూలు మనిషి.

నన్ను ఇన్నేళ్లు రేడియో ముందు కూర్చోబెట్టినవి మాత్రం ఈ ప్రభుత్వ రహస్యాలు కావు, చేపల పడవలు. 6500 నుంచి 7100 దాకా ఎక్కడ పడితే అక్కడ, ఏ కేటాయింపుతోనూ సంబంధం లేకుండా, కింది సైడ్‌బ్యాండ్‌లో ఆ పడవలవాళ్లు మాట్లాడుకునేవారు. చాలాకాలం ఆ భాష ఏమిటో నాకు తెలియలేదు. ఆగ్నేయాసియా భాషలు వినడం అలవాటయ్యాక అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా వైపుదని పోల్చుకోగలిగాను. పగటిపూట, ఆకాశంలో ఎత్తున రేడియో తరంగాలను ప్రభావితం చేసే అయనోస్ఫియర్‌లో అన్నింటికంటే కింది పొర అయిన డీ-పొర ఈ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది కాబట్టి వాళ్ల మాట వాళ్లలో వాళ్లకే వినిపించేది. సూర్యాస్తమయం తరవాత ఆ పొర చెదిరిపోతుంది. అదే మాట వందల కిలోమీటర్ల ఎత్తులోని ఎఫ్-పొర దాకా వెళ్లి, పరావర్తనమై, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. పక్క పడవలో ఉన్నవాడిని పిలుస్తున్నాననుకునే మనిషి, సముద్రాల అవతల ఒక పరాయివాడి గదిలో మాట్లాడుతున్నట్టు అతనికి తెలియదు.

వాళ్లు ఒకే పేరును సాగదీసి పదేపదే పిలిచేవారు. మైకులోకి ఈల వేసేవారు. జవాబు రాకపోతే ఇంకాస్త పెద్దగా ఈల వేసేవారు. ఇంజను చప్పుడు మాట వెనకే వినిపిస్తూ, స్విచ్చి వదలగానే తెగిపోయేది. ఒకరు చెప్పినదానికి నలుగురు ఒకేసారి నవ్వబోతే నాలుగు తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి పెద్ద కీచుమోత పుట్టేది. కొన్ని రాత్రులు ఎవరో ఒకరు పాట అందుకునేవారు, మిగతావాళ్లు అది పూర్తయ్యేదాకా స్విచ్చి నొక్కకుండా ఆగేవారు. రోజూ వింటుంటే ఎవరు ముందు పలుకుతారో, ఎవరి ట్రాన్స్‌మిటరు మాట మొదట్లో కొంచెం జారి తరవాత కుదురుకుంటుందో తెలిసిపోయేది. భాష తెలియకపోవడం వల్ల నాకు నష్టం కలగలేదనే అనుకుంటాను. అర్థం తెలిసి ఉంటే అంత సేపు వినడానికి మనసొప్పేది కాదు.

హ్యామ్ మిత్రులకు ఈ పడవల పేరెత్తితే కోపం వచ్చేది. 7000 నుంచి మొదలయ్యే 40 మీటర్ల బ్యాండు వాళ్లు పరీక్షలు రాసి, లైసెన్సు పొంది, నియమాలకు కట్టుబడి వాడుకునే చోటు. అక్కడ చొరబడేవాళ్లను నమోదు చేయడానికి అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్‌కు ప్రత్యేకంగా ఒక పర్యవేక్షణ వ్యవస్థే ఉంది. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే, నేను కాదనను. అయితే చవకగా దొరికిన పాత పరికరంతో నడిసంద్రంలో రాత్రి గడిపేవాళ్లు లైసెన్సుల పట్టిక చూసి ఫ్రీక్వెన్సీ ఎంచుకుంటారని ఆశించడం కూడా కష్టమే. ఒడ్డున కూర్చుని వినేవాడికి సానుభూతి తేలికని మా పెద్దాయన ఎత్తిపొడిచేవారు. ఓడల మీద పనిచేసిన మనిషి కాబట్టి, క్రమశిక్షణ లేని రేడియో సముద్రం మీద ప్రాణాంతకమని ఆయన నమ్మకం. మా మధ్య చివరిదాకా తెగని వాదం ఇదొక్కటే.

లైసెన్సు లేకుండా పాటలు ప్రసారం చేసే పైరేట్ స్టేషన్ల తీరు దీనికి పూర్తిగా భిన్నం. వాళ్లు తమ మాట ఎంత దూరం పోతే అంత సంబరపడేవాళ్లు. యూరప్‌లో ఆదివారం ఉదయం పూట 6200–6400 మధ్య, ముఖ్యంగా నెదర్లాండ్స్ నుంచి, వాళ్లే స్వయంగా కట్టుకున్న వాల్వు ట్రాన్స్‌మిటర్లతో, పదుల వాట్ల శక్తితో పాటలు వేసేవారు. ఉత్తర అమెరికాలో 6925 పరిసరాలు వాళ్ల అడ్డా, పండుగ రాత్రుల్లో వాళ్ల సందడి ఎక్కువ. అంత చిన్న శక్తి నా వైరు యాంటెన్నాకు అందేది కాదు. కలం స్నేహితులు పంపిన క్యాసెట్లలోనే వాళ్లను మొదట విన్నాను. చిరునామా ఇస్తే పట్టుబడతారు కాబట్టి, మూడో మనిషి నడిపే పోస్టు బాక్సుకు ఉత్తరంతో పాటు తిరుగు తపాలాకు సరిపడా స్టాంపులు జతచేసి పంపితే, విన్నట్టు ధ్రువీకరించే క్యూఎస్‌ఎల్ కార్డు ఎప్పటికో వచ్చేది. చట్టాన్ని దాటి మాట్లాడేవాళ్లు తపాలా మర్యాదను అంత నిష్ఠగా పాటించడం నాకు ముచ్చటగా ఉండేది.

27 మెగాహెర్ట్జ్ సంగతి వేరు. అక్కడ మామూలు జనం మాట్లాడుకోవడానికి కేటాయించిన సిటిజన్ బ్యాండు చానళ్లు సాధారణంగా 27.405 దగ్గర ముగుస్తాయి. ఆ పైన, 27.555 మీద, చాలా దేశాలు అనుమతించని ఒక అంతర్జాతీయ పిలుపు కేంద్రం వెలిసింది. వాళ్లు దేశాలకు తామే అంకెలు పెట్టుకున్నారు. ఇటలీకి 1, జర్మనీకి 13, ఫ్రాన్సుకు 14, ఇంగ్లండుకు 26. పిలుపు సంకేతం ఆ అంకెతోనే మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఆ బ్యాండు శ్మశానంలా ఉంటుంది. దాదాపు పదకొండేళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగినప్పుడు ఎఫ్-పొర బలపడి, కారులో పెట్టుకునే రేడియో కూడా ఖండాలు దాటి వినిపిస్తుంది. 2000 ప్రాంతంలో అలాంటి తరుణం వచ్చినప్పుడు పగలంతా ఇటలీ గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. మగవాళ్లు అంత ఆనందంగా కేకలు వేసుకోవడం నేను ఇంకే బ్యాండులోనూ వినలేదు.

వినడానికీ ఒక హద్దుందని ఇక్కడ చెప్పాలి. అందరికీ ఉద్దేశించని రేడియో సందేశాలను అనుమతి లేకుండా అందుకోవడాన్ని, వాటి విషయాన్ని బయటపెట్టడాన్ని దేశాలు నిషేధించాలని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోని 17వ అధికరణం చెబుతుంది. దేశదేశానికీ చట్టం ఇంకొంత మారుతుంది. మా పెద్దాయన పుస్తకంలో 'ఏం మాట్లాడారు' అన్న గడి లేకపోవడానికి కారణం అదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. నా పుస్తకాల్లోనూ ఆ గడి లేదు.

రహస్యాల్లో కొన్ని మా రేడియోల లోపాల నుంచే పుట్టేవి. చవక రేడియోలో ఒక స్టేషన్ అసలు చోటుకు 910 కిలోహెర్ట్జ్ దిగువన కూడా దెయ్యంలా ఇంకోసారి వినిపిస్తుంది. 455కు రెట్టింపు అన్నమాట. విమానాలకు వాతావరణం చదివే స్టేషన్ ఒకటి అలా లేనిచోట ప్రత్యక్షమై, మా ఉత్తరాల బృందంలో నెలల తరబడి చర్చ లేపింది. లెక్క తేలాక ఆ విషయం ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో 2008లో మొదలై, మధ్యలో కొంతకాలం ఆగి, 2012 నుంచి మళ్లీ నడుస్తున్న వెబ్‌ఎస్‌డీఆర్, షార్ట్‌వేవ్ మొత్తాన్ని ఎవరైనా ఇంటర్నెట్ ద్వారా తిప్పుకుని వినే రిసీవరు. ఆ తరవాత అలాంటివి ప్రపంచమంతా వెలిశాయి. క్యాసెట్లలో విన్న డచ్చి పైరేట్లను వాళ్ల ఇంటి ముంగిట నిలబడ్డంత స్పష్టంగా ఇప్పుడు వింటున్నాను. బజర్ గొంతు విప్పిన కొన్ని నిమిషాలకే సందేశం మొత్తం రాతరూపంలో అందరికీ చేరిపోతోంది. నాకు దీనిమీద ఫిర్యాదేమీ లేదు. ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, ఇన్వర్టర్లు పుట్టించే గరగరతో నా సొంత యాంటెన్నా సగం చెవిటిదైపోయిన ఈ రోజుల్లో అవే లేకపోతే ఈ అలవాటు ఎప్పుడో మూలనపడేది. కరెంటు పోయినప్పుడు మాత్రం బ్యాటరీ రేడియో తీసుకుని పరుగెడతాను. గరగర ఒక్కసారిగా తగ్గిపోయి, 7 మెగాహెర్ట్జ్ కింద పడవలవాళ్ల ఈలలు పైకి తేలతాయి. కరెంటు త్వరగా రావాలని ఇంట్లో అందరూ కోరుకుంటున్నప్పుడు నా కోరిక వేరుగా ఉంటుంది.

సూర్యుడు మళ్లీ గరిష్ఠ దశకు చేరాడని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. అంతకు ముందు నుంచే 27.555 మీద 1తో, 14తో, 26తో మొదలయ్యే పిలుపులు మళ్లీ గుమిగూడాయి. వాటిలో ముసలి గొంతుల పాలు ఎక్కువైంది. పిలిచే తీరు, నంబర్లు ఇచ్చే వరస, ఒకరిమీద ఒకరు అరుచుకోవడం ఏమీ మారలేదు. ఈ మచ్చలు తగ్గుముఖం పడితే ఆ బ్యాండు మళ్లీ కొన్నేళ్లపాటు మూతపడుతుంది కాబట్టి, పగటిపూట ఖాళీ దొరికినప్పుడల్లా పడవల సంగతి రాత్రికి వదిలేసి రేడియోను అక్కడే ఉంచుతున్నాను.